అప్‌డేట్: మా నాన్నగారి ఎలక్ట్రిక్ బ్రష్, మూడు నెలల తర్వాత

కీళ్లవాతంతో మా నాన్నగారి వేళ్లకి మామూలు బ్రష్ పట్టు దొరకట్లేదు, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, ఎలక్ట్రిక్ బ్రష్‌కి మార్చొచ్చా అని అప్పట్లో అడిగాను. మార్చేశామండి. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మొదటి వారం కష్టంగానే గడిచింది. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వేపపుల్ల రోజుల నుంచీ ఆయనకి గట్టిగా రుద్దడమే అలవాటు, దీన్నీ అలాగే రుద్దేవారు. నోట్లో పెట్టకముందే ఆన్ చేస్తే పేస్టంతా బనీను మీద చిమ్మింది. రోజూ పొద్దున్నే నూతి గట్టు దగ్గర పక్కనే నిలబడి చెప్పాను: "నాన్నా, మీరు రుద్దకండి. పన్నూ చిగురూ కలిసేచోట ఆనించి, ఒక్కో పన్నూ దాటించండి, చాలు." 30 సెకన్లకోసారి బ్రష్ చిన్నగా ఆగి, ఇంకో వైపుకి మారమని గుర్తుచేస్తుంది. నాలుగు వైపులా కలిపి 2 నిమిషాలు. గట్టిగా నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది. ఆ లైటే ఆయనకి నేర్పింది, నా మాటలకన్నా.

రక్తం ఇప్పుడు రావట్లేదు. అయితే ఆ పుణ్యమంతా బ్రష్‌ది కాదు, మధ్యలో డెంటిస్టు దగ్గర గార తీయించాం. గట్టిపడిన గార ఏ బ్రష్‌కీ పోదు, ముందు అది చూపించుకోండి.

ఛార్జింగ్ పది రోజులు వస్తోంది, కరెంటు పోయినా ఇబ్బంది లేదు. హెడ్, అంటే కుచ్చుండే పై ముక్క, మూడు నెలలకోసారి మార్చాలి, ఆ ఖర్చు మాత్రం లెక్కేసుకోండి. పిడి లావుగా ఉండటంతో ఎవరి సాయమూ లేకుండా ఆయనే పట్టుకుంటున్నారు. నాకు కావలసింది అదేనండి.