వారానికొకసారి వేసే ఎముకల మాత్ర, రోజూ వేసే థైరాయిడ్ మాత్ర: రెండూ పరగడుపునే అంటే ఎలా సర్దుకుంటున్నారు?

పద్మజ, జయనగర్
అందరికీ నమస్కారం. అమ్మకి 68 ఏళ్లు. అనంతపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. బాత్రూంలో కాలు జారి చెయ్యి ఆనించింది, అంతమాత్రానికే మణికట్టు విరిగింది. ఆ కాస్త దెబ్బకి విరగకూడదని డాక్టరు గారు డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే పరీక్ష) రాశారు. వెన్ను దగ్గర టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 3.1 వచ్చింది. మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం) కింద లెక్కట. ముట్లు ఆగిపోయి ఇరవై ఏళ్లు కావస్తోంది, ఇన్నాళ్లూ ఎవరూ ఎముకల ఊసెత్తలేదు.

అలెండ్రోనేట్ అనే ఎముకల మాత్ర 70 మి.గ్రా. వారానికొకటి, విటమిన్ డి 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికొకటి, కాల్షియం రోజూ వేసుకోమన్నారు. థైరాయిడ్ మాత్ర ఎప్పటినుంచో పరగడుపున వేసుకుంటోంది. ఇప్పుడు ఈ ఎముకల మాత్ర కూడా పరగడుపునే అంటున్నారు. ఏది ముందు? పైగా అమ్మకి లేవగానే ఫిల్టర్ కాఫీ పడాలి. డబ్బాలోని కాగితం మా తమ్ముడు చదివి వినిపించాడు. అప్పట్నుంచి "అన్నం దిగే గొట్టం పుండు పడుతుందట, నాకొద్దే తల్లీ" అంటోంది. స్ట్రిప్పు ఇంకా విప్పలేదు. వాడుతున్నవాళ్లు ఎలా వేసుకుంటున్నారో చెప్పండి.

సరోజ, మల్లేశ్వరం
పద్మజా, మీ అమ్మ భయం న్యాయమైనదే. కానీ పుండు పడేది మాత్ర గొంతులోనో గొట్టంలోనో ఇరుక్కుని కరిగితే. కడుపులోకి జారిపోతే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. ఎలా మింగుతామన్నదే ఇందులో అసలు సంగతి. నేను ఐదేళ్లు వాడాను, నా పద్ధతి చెబుతాను.

బుధవారం నా మాత్ర రోజు. పళ్లు తోముకుని వచ్చి వంటింట్లో కుర్చీలో నిటారుగా కూర్చుంటాను. మంచం మీద ఉండగా మాత్రం ఎప్పుడూ వేసుకోను. ముందు ఒక గుక్క నీళ్లతో గొంతు తడుపుకుంటాను. తర్వాత మాత్ర నాలుక మీద వేసుకుని పెద్ద గ్లాసు నిండా నీళ్లు, అంటే సుమారు 200 మి.లీ., ఆపకుండా తాగేస్తాను. నమలకూడదు, చప్పరించకూడదు, విరవకూడదు. తర్వాత కనీసం అరగంట కూర్చోవడమో, నిలబడడమో, వరండాలో తిరగడమో. నడుం వాల్చడం మాత్రం లేదు. మొదట్లో నేను ఆ అరగంటలో ముగ్గు వేసేదాన్ని. వంగితే కడుపులోది పైకి తన్నే అవకాశం ఉంది, ఆ పని తర్వాత చేసుకోమని డాక్టరమ్మ చెప్పింది. సాష్టాంగ నమస్కారం కూడా అంతే. ఆ ఒక్కరోజు దేవుడికి నిలబడే దణ్ణం పెట్టుకోమని మీ అమ్మకి చెప్పు.

ఇంకోటి. అరగంట అయిపోయాక కూడా ఏదైనా తిన్న తర్వాతే పడుకోవచ్చు. అందుకే ఉపవాసం ఉండే రోజు మాత్రకి పెట్టుకోవద్దు. మా తోటికోడలు శనివారం పెట్టుకుంది, ఆ రోజు ఒంటిపొద్దు. మధ్యాహ్నం దాకా ఏమీ తినదు, పదిగంటలకి కళ్లు తిరుగుతున్నాయని పడుకుంటుంది. మేమంతా పట్టుబట్టి రోజు మార్పించాం.

రవి, వైట్‌ఫీల్డ్
ఫార్మసిస్టుని. సరోజ గారు చెప్పినదానికి కారణాలు కొంచెం చెబుతాను, ఎందుకో తెలిస్తే పెద్దవాళ్లు పాటిస్తారు.

ఖాళీ కడుపున, ఉత్త నీళ్లతో వేసుకున్నా ఈ మందులో ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కాఫీతోనో బత్తాయి, కమలా రసంతోనో వేసుకుంటే ఆ కాస్తలోనూ సగానికి పైగా పోతుంది. పాలు, కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర, గ్యాస్ మందు, ఏదైనా సరే దీన్ని పట్టేసుకుని ఒంటికి అందకుండా చేస్తుంది. అంటే కాఫీతో వేసుకున్నవాళ్లు డబ్బు పెట్టి కొని, ఇబ్బందులు పడి, ఎముకకి ఏమీ ఇవ్వనట్టే.

నీళ్ల సంగతి మన బెంగళూరులో తప్పక చెప్పాలి. బోరు నీళ్లలో, ట్యాంకరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బాగా ఉంటాయి. గిన్నె అడుగున తెల్లగా గార కట్టే నీళ్లు దీనికి పనికిరావు. ఫిల్టరు పట్టిన మామూలు తాగే నీళ్లు చాలు. ఖనిజాలు ఎక్కువున్న మినరల్ వాటర్ వద్దని కంపెనీ కాగితంలోనే ఉంటుంది.

ఇక థైరాయిడ్. చాలామంది డాక్టర్లు చెప్పే వరుస ఇది: ఆ ఒక్కరోజు అలెండ్రోనేట్ ముందు, అరగంట ఆగి థైరాయిడ్ మాత్ర, ఇంకో అరగంట నుంచి గంట ఆగి కాఫీ. కొందరికి థైరాయిడ్ మాత్రని రాత్రి, భోజనమైన మూడు గంటల తర్వాతకి మారుస్తారు. ఏదైనా మీ డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. కాల్షియం మాత్ర మాత్రం థైరాయిడ్‌కి నాలుగు గంటల ఎడంలో ఉండాలి. అందుకని మధ్యాహ్నమో రాత్రో భోజనంతో పెట్టండి.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది వేరే ఉంది. వారం మాత్ర, వారం క్యాప్సూల్ రెండూ ఒకే ఇంట్లో ఉంటే అవి తారుమారవుతాయి. ఇంట్లో ఎవరికైనా కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ కూడా ఉంటే మరీ ప్రమాదం, అదీ వారానికోసారే. దాన్ని రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో వారం పేరు రాసి, మిగతా మందుల డబ్బాలో కాకుండా విడిగా పెట్టండి. మందుల షాపులో కూడా "వారానికొకటి" అని కవరు మీద రాయమని అడగండి, రాయకపోతే మళ్లీ అడగండి.

కిరణ్, మారతహళ్లి
మా అమ్మకి జరిగింది రాస్తున్నా, భయపెట్టడానికి కాదు. పెద్ద ఆసుపత్రిలోనే రాశారు, "వారానికొకటి, పరగడుపున" అని తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. అమ్మ తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు తలగడ పక్కన పెట్టుకున్న మాత్ర వేసుకుని, చెంబులోంచి ఒక గుక్క తాగి మళ్లీ పడుకునేది. కొన్ని వారాలు ఏమీ కాలేదు. ఒకరోజు ఇడ్లీ ముక్క మింగుతుంటే రొమ్ము ఎముక వెనకాల కోసినట్టు నొప్పి. గుండె అనుకుని పరుగెత్తాం. ఈసీజీ బాగానే ఉంది. ఎండోస్కోపీలో అన్నవాహికలో పుండు కనపడింది. మాత్ర ఆపించి, ఆసిడ్ తగ్గించే మందు ఇచ్చారు, మానిపోయింది.

తర్వాత వేరే డాక్టరు గారు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), కాల్షియం, విటమిన్ డి చూసి, ఎముకలకే ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రానిక్ ఆసిడ్ అనే మందు 5 మి.గ్రా. ఇచ్చారు. మర్నాడు జ్వరం, ఒళ్లంతా సలపరం వచ్చాయి, పారాసెటమాల్‌తో తగ్గాయి. మొదటిసారి చాలామందికి అలా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి మేం కంగారు పడలేదు. ముందుగా చెప్పడం ఎంత పెద్ద సాయమో అప్పుడు అర్థమైంది.

మింగుతుంటే నొప్పి, ఛాతీలో కొత్తగా మంట, నల్లటి విరేచనం, వీటిలో ఏది కనపడినా తర్వాతి వారం మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. "గ్యాస్ అయ్యుంటుంది" అని ఈనో తాగి ఊరుకోవద్దు.

భారతి, యలహంక
మా అత్తయ్యకి నడుం బాగా వంగిపోయింది. అరగంట కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. పట్టుకుని కూర్చోబెడితే సరిపోతుందా?

రవి, వైట్‌ఫీల్డ్
వద్దు భారతి గారూ. అరగంట నిటారుగా ఉండలేనివాళ్లకి ఈ మాత్ర ఇవ్వకూడదు. అన్నవాహిక సన్నబడినవాళ్లకి, మింగడం కష్టమైనవాళ్లకి, రక్తంలో కాల్షియం తక్కువున్నవాళ్లకి కూడా అంతే. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గి క్రియాటినిన్ క్లియరెన్సు (మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మి.లీ. రక్తం వడకడుతున్నాయో చెప్పే లెక్క) 35 కంటే కింద ఉంటే అలెండ్రోనేట్ ఇవ్వరు. ఇవన్నీ చెప్పి వేరే మందు అడగండి. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ లాంటివి ఉన్నాయి. కానీ దాన్ని తేదీ తప్పించకూడదు. మధ్యలో మానేస్తే ఎముక బలం వేగంగా తగ్గి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

లక్ష్మి, బనశంకరి
తిరుపతి వెళ్లొచ్చిన హడావిడిలో ఆదివారం మాత్ర మర్చిపోయాను. ఇవాళ మంగళవారం, ఇప్పుడే టిఫిన్ కూడా అయిపోయింది. వచ్చే ఆదివారం రెండు వేసుకోనా?

సరోజ, మల్లేశ్వరం
రెండు ఒకేసారి ఎప్పుడూ వద్దు లక్ష్మీ. రేపు పొద్దున పరగడుపున ఒకటి వేసుకో. వచ్చే ఆదివారం నుంచి మళ్లీ మామూలే.

సుధ, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్
పళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఈ మందుల వల్ల పన్ను పీకిన చోట దవడ ఎముక మానకుండా ఉండిపోవడం అనే సమస్య ఉంది. ఆస్టియోపొరోసిస్‌కి ఇచ్చే మోతాదులో అది అరుదు. క్యాన్సర్‌కి ఎక్కువ మోతాదులో ఎక్కించుకునేవాళ్లలో ఎక్కువ. పద్మజ గారూ, అమ్మగారికి పీకించాల్సిన పళ్లుంటే మందు మొదలుపెట్టే ముందే ఆ పని కానివ్వండి. వాడుతుండగా వెళ్లాల్సి వస్తే డెంటిస్టుకి మందు పేరు చెప్పండి. మా పిన్ని డెంటిస్టు అడగలేదని చెప్పలేదు, అదృష్టం కొద్దీ మానింది. అలాగని పంటి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి భయపడి ఈ మాత్ర సొంతంగా మానేయకండి. తుంటి విరిగితే పెద్దవయసులో మంచం దిగడమే కష్టమవుతుంది.

సరోజ, మల్లేశ్వరం
సుధ చెప్పింది నిజం. నాకు ఐదేళ్లు నిండాక మళ్లీ డెక్సా చూసి కొంతకాలం ఆపారు. ఈ మందు ఎముకలో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి ఆపగానే ఫలితం పోదు. ఎముక విరిగే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకి పదేళ్ల దాకా కొనసాగిస్తారు, అది డాక్టరు తేల్చాలి. ఎక్కువ ఏళ్లు వాడినవాళ్లకి తొడలోనో గజ్జల్లోనో ఏ దెబ్బా తగలకుండా మొండి నొప్పి మొదలైతే ఎక్స్-రే తీయించాలి. అరుదుగా తొడ ఎముక అడ్డంగా చిట్లుతుంది, దానికి ముందు ఇలా నొప్పి వస్తుంది.

పద్మజ, జయనగర్
అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటీ చూశారు. క్రియాటినిన్, కాల్షియం బాగున్నాయి. పంటి డాక్టరు కూడా చూసి పీకాల్సినవి లేవన్నారు. అలెండ్రోనేట్ గురువారం, క్యాప్సూల్ ఆదివారం మధ్యాహ్న భోజనంతో, కాల్షియం రాత్రి భోజనంతో. గురువారం మాత్రం థైరాయిడ్ అరగంట ఆలస్యంగా, కాఫీ ఇంకో అరగంట తర్వాత. రవి గారు చెప్పినట్టు స్ట్రిప్పు మీద ఎర్ర సిరాతో "గురువారం" అని రాసి దేవుడి గూట్లో పెట్టింది అమ్మ, అక్కడైతే ఎవరూ తాకరని.

మొదటి మాత్ర వేసుకుంది. కిరణ్ గారు రాసింది చదివి వినిపిస్తే గ్లాసులో చుక్క మిగల్చకుండా తాగి, అరగంటా మేడ మీద నాతో కబుర్లు చెబుతూ తిరిగింది. ఇంకొక్క సందేహం. గురువారం రాగి జావ తాగొచ్చా? మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటుంది.

రవి, వైట్‌ఫీల్డ్
జావ నిక్షేపంగా తాగొచ్చు, థైరాయిడ్ మాత్ర వేసుకున్న గంట తర్వాత. రాగుల్లో 100 గ్రాములకి సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది కాబట్టి ఆ ఎడం ముఖ్యం. డైక్లోఫెనాక్ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అదీ కడుపుని కోసే మందే, ఈ మాత్రతో కలిస్తే మంట, పుండు ముప్పు పెరుగుతుంది. ఆయన సరే అనే దాకా పూత మందుతో, వేడి కాపడంతో నెట్టుకురండి.