‘జమిలి’ అనేది తారకా, పరిశీలనకా?

బెంగళూరులోని మన తెలుగువారిలో ఒక సభ్యురాలు నిన్న అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. ఎక్స్‌కిరణాలను వెదజల్లే జంట నక్షత్రాల్లోని పల్సర్లను అనేక తరంగదైర్ఘ్యాల్లో ఎలా పరిశీలిస్తారో పిల్లలకోసం రాస్తున్నామనీ, ‘బైనరీ’ని ‘జమిలి తార’ అనవచ్చునా అనీ వారు అడిగారు.

తారకు ‘జంట’ చాలునని నా అభిప్రాయం. పల్సర్‌ను పల్సర్‌గానే ఉంచండి. దాన్ని ‘స్పందించే తార’ అని తెలుగు చేస్తే ఉబ్బుతూ తగ్గుతూ ఉండే తార అనిపిస్తుంది, అలాంటివి వేరే ఉన్నాయి, ఇది గిర్రున తిరిగే న్యూట్రాన్ తార, అంటే పెద్ద తార పేలిపోగా మిగిలిన, బాగా కుదించుకుపోయిన గుండె. ‘జమిలి’ని మాత్రం పరిశీలనకు దాచుకోమని కోరుతున్నాను.

కారణం చెబుతాను. హెర్క్యులిస్ ఎక్స్-1 అనే పల్సర్ 1.24 సెకన్లకొకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది, 1.7 రోజులకొకసారి తన తోడు తారతో కలిసి ఒక ప్రదక్షిణ పూర్తిచేస్తుంది. తోడు తారనుంచి లాగిన వాయువు దాని అయస్కాంత ధ్రువాలమీద పడి కాగినప్పుడు ఎక్స్‌కిరణాలు వెలువడతాయి. అయితే సుమారు 35 రోజుల ఆవృత్తిలో ఈ ఎక్స్‌కిరణాలు కొన్నాళ్లు ప్రకాశవంతంగా కనబడి, తక్కిన రోజుల్లో బాగా మందగిస్తాయి. అంతమాత్రాన పల్సర్ చల్లారిందనుకుంటే పొరపాటే, ఎందుకంటే దానికి ఎదురుగా ఉన్న తోడు తార ముఖం ఆ రోజుల్లోనూ వేడెక్కి, మామూలు కాంతిలో 1.7 రోజులకొకసారి వెలుగుతూ తగ్గుతూనే ఉంటుంది. పల్సర్ చుట్టూ ఉన్న వంపు తిరిగిన వాయుచక్రం మనకు అడ్డం వచ్చిందన్నమాట. ఒక్క కంటితో చూస్తే ఈ సంగతి ఎన్నటికీ తెలియదు.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుంచి వెళ్లిన మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ ఎక్స్‌కిరణాలను, అతినీలలోహిత కాంతిని ఒకేసారి చూడగలదు; మన ఊరి పొలిమేరలోని హొసకోటలో కూర్చుని లద్దాఖ్‌లోని హాన్లే దూరదర్శినిని నడిపేవారు అదే తారను మామూలు కాంతిలో చూడగలరు. ఇలాంటి పరిశీలనకు వాడే ‘బహుళ తరంగదైర్ఘ్య పరిశీలన’ అన్న మాటలో ‘అనేకం’ ఉన్నది గాని ‘కలిసి’ అన్నది లేదు.

దీనికి ఒక మిత్రులు ‘ఏకకాల పరిశీలన’ ఉండగా కొత్త మాట ఎందుకని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ‘ఏకకాలం’ సమయాన్ని మాత్రమే చెబుతుందండీ. రెండు పోగులు కలిపి పేనితే జమిలి. ఇక్కడ ఎక్స్‌కిరణాల పోగుకు అర్థం మామూలు కాంతి పోగువల్ల వస్తున్నది. జమిలి ఎన్నికలవల్ల ఈ మాట నేడు అందరి నోటా ఉన్నది కనుక పిల్లలకు విడిగా వివరించవలసిన పని కూడా ఉండదు.

వ్యాసంలో ఇలా రాసి చూడండి: ‘జంట తారలోని పల్సర్‌ను ఆస్ట్రోశాట్, హాన్లే దూరదర్శిని ఒకే రాత్రి జమిలిగా పరిశీలించగలవు.’