4 ఏళ్ల పాప, 68 ఏళ్ల అమ్మతో లద్దాఖ్ వెళ్లొచ్చా?

గుణుపురం కుర్రాడు: మే నెలలో అనుకుంటున్నాం. విమానంలో లేహ్ దిగి, మర్నాడే ఖర్దుంగ్ లా కనుమ ఎక్కడం. పెద్దలు చెప్పండి.

జయపురం రావు: నిక్షేపంగా తీసుకెళ్లండి. కొండల్లో పుట్టినవాళ్లం, మనకేటండీ భయం? మన ఒడిశా దేవమాలి కొండ మీద మబ్బుల్లో నిలబడి మా అమ్మ టీ తాగింది. ఆయాసమన్న మాటే లేదు. ఖర్దుంగ్ లా 5,602 మీటర్లు, ఆ మంచు చూస్తే జన్మకి చాలు.

పర్లాకిమిడి మాస్టారు: దేవమాలి 1,672 మీటర్లే రావుగారూ. ఎత్తు పడకపోవడం 2,500 దాటాకే మొదలవుతుంది. లేహ్ ఊరే 3,500. అక్కడ రెండు మూడు రోజులు ఊరికే కూర్చోవాలి. పైగా 5,602 తప్పు, కొలిస్తే తేలింది 5,359.

జయపురం రావు: బోర్డు మీద 18,380 అడుగులని ఉంది, అంటే 5,602 మీటర్లే. కళ్లారా చూశాను.

పర్లాకిమిడి మాస్టారు: 5,359 అయినా గాలి ఒత్తిడి మన బరంపురంలో ఉన్నదాంట్లో ఇంచుమించు సగమే.

బరంపురం అక్క: పాప మాటెత్తరేం? ఆ వయసు పిల్లకి తలనొప్పని చెప్పడం రాదు. ఏడిస్తే నిద్ర ఏడుపనుకుంటాం.

జయపురం రావు: మాస్టారూ, ‘ఒక్కసారి మంచుకొండ చూపించరా’ అని అడుగుతూనే మా నాన్న పోయారు. మీలాగే ఒకాయన గుండె, ఎత్తు అని ఆపించాడు. ఆ పాపం ఎవరిది?

పర్లాకిమిడి మాస్టారు: నా మీద వేయకండి. సిక్కింలో లాచెన్ నుంచి తెల్లవారకముందే బయల్దేరి గురుడోంగ్‌మార్ చెరువుకి వెళ్లాం. ఒక్క పూటలో 2,700 నుంచి 5,100 పైకి. ముందు సీట్లో నేను ఫొటోలు తీసుకుంటున్నాను. వెనక మా ఆవిడ శాలువా కింద పాలిథిన్ కవరు పెట్టుకుని చప్పుడు కాకుండా వాంతి చేసుకుంటోంది. డ్రైవరు అద్దంలో చూసి బండి తిప్పేశాడు. ఎందుకు చెప్పలేదంటే, ‘మీరంతా సరదాగా ఉన్నారు కదా’ అంది. రావుగారూ, ఈ అబ్బాయి వాళ్లమ్మని అడిగాడా?

జయపురం రావు: అడిగితే ఏ అమ్మయినా ‘నాకెందుకురా’ అనే అంటుంది. అడక్కూడదు, తీసుకెళ్లాలి.

పర్లాకిమిడి మాస్టారు: నేనూ అలాగే తీసుకెళ్లాను.

గుణుపురం కుర్రాడు: ఇప్పుడే అడిగాను. ముందు ‘మీ ఇష్టం’ అంది. కూర్చుని మళ్లీ అడిగితే, 2021లో సింధు పుష్కరాలకి వెళ్లలేకపోయానని, ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటే చాలని చెప్పింది. సింధు నది లేహ్ పక్కనే పారుతోందట. మర్నాటి ఖర్దుంగ్ లా మానేశాం.