సూపర్‌నేచురల్ చివరి సీజన్: చక్ నిజంగా ఓడిపోయాడా?

ప్రశ్న: లాంతరు

దెయ్యాలనూ రాక్షసులనూ వేటాడే డీన్, శామ్ అనే అన్నదమ్ముల కథ చెప్పే అమెరికన్ టీవీ సిరీస్ సూపర్‌నేచురల్ పదిహేను సీజన్లూ, అంటే 327 ఎపిసోడ్లూ, రెండోసారి చూడడం మొన్ననే పూర్తయింది. మొదటిసారి కన్నీళ్ళలో పడి గమనించని ఒక విషయం ఈసారి నన్ను వదలడం లేదు కాబట్టి మీ ముందు పెడుతున్నాను. ముగింపు చూడనివారు దయచేసి ఇక్కడితో ఆగండి.

2020 నవంబర్ 12న వచ్చిన పందొమ్మిదో ఎపిసోడ్‌లో రచయిత రూపంలో ఉన్న దేవుడు చక్ శక్తినంతటినీ, అన్నదమ్ములు కొడుకులా చూసుకున్న జాక్ తనలోకి లాగేసుకుని కొత్త దేవుడవుతాడు. అన్నదమ్ముల కథనంతా తానే రాస్తున్నానని విర్రవీగిన చక్, ముసలితనానికీ రోగానికీ లోబడే మామూలు మనిషిగా మిగిలిపోతాడు. అక్కడితో గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాం. వారం తిరిగేసరికి, నరకాన్నీ సాక్షాత్తు దేవుణ్ణీ ఎదుర్కొని నిలిచిన డీన్, ఒహాయోలో ఒక పాత కొట్టంలో రక్తపిశాచితో పెనుగులాడుతూ, స్తంభం నుంచి పొడుచుకొచ్చిన ఇనుప ఊచ వెన్నులో దిగి చనిపోతాడు.

ఇక నా అనుమానం చెబుతాను. అదే సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో చక్ తన పుస్తకాల వీరాభిమాని బెకీ ఇంట్లో కూర్చుని ఒక ముగింపు టైపు చేస్తాడు. అది చదివి ఆమె తల్లడిల్లిపోతుంది. తొమ్మిదో ఎపిసోడ్‌లో అతడు శామ్‌కు చూపించిన భవిష్యత్తులో అన్నదమ్ములిద్దరూ రక్తపిశాచులై తమవాళ్ళతోనే తలపడతారు. చివరికి డీన్ ప్రాణం పోయిందీ రక్తపిశాచుల వేటలోనే. రాసినవాడి చేతిలో కలం పోయినా రాత మాత్రం జరిగిపోయిందా? మీకు ఏమనిపించింది?

జవాబు: వెన్నెలమెట్లు

లాంతరు గారూ, "చక్ గెలిచాడు" అన్న వాదన ఆఖరి ఎపిసోడ్ ప్రసారమైన నాటినుంచీ అభిమానుల్లో ఉన్నదే, నేను దానిని ఎన్నడూ ఒప్పుకోలేకపోయాను. చక్‌కు డీన్ చావడం ఒక్కటీ చాలదు; అన్న చేతిలో తమ్ముడో, తమ్ముడి చేతిలో అన్నో చావాలి. బైబిల్లో అన్న తమ్ముణ్ణి చంపిన కయీను, హేబెలుల కథ మళ్ళీ జరగాలన్నది అతడి పట్టుదల. పదిహేడో ఎపిసోడ్‌లో డీన్ శామ్ మీద తుపాకి ఎక్కుపెట్టినప్పుడు అతడు కోరుకున్నది అందినట్టే అంది, శామ్ మాటలకు డీన్ చేయి దిగిపోవడంతో తప్పిపోయింది.

దాని పక్కన కొట్టంలోని ఆ దృశ్యం పెట్టి చూడండి. సాయం కోసం పరుగెత్తబోయిన తమ్ముణ్ణి డీన్ ఆపుతాడు, తన దగ్గరే ఉండమంటాడు, ఇక వెళ్ళినా ఫర్వాలేదని నీ నోటితో చెప్పమని అడుగుతాడు. శామ్ ఏడుస్తూనే ఆ మాట చెబుతాడు. ఎన్నో ఏళ్ళ తరువాత ముసలి శామ్ మంచం పక్కన అతడి కొడుకు, పెదనాన్న పేరే పెట్టుకున్న ఆ కుర్రవాడు, అదే మాట తండ్రికి చెబుతాడు. ఒకరినొకరు చంపుకోవలసినవాళ్ళు ఒకరికొకరు సెలవిచ్చుకున్నారంటే ఆ రాత చక్‌ది కాదని నా గట్టి నమ్మకం.

జవాబు: కందిరీగ

సిద్ధాంతాల కన్నా ముందు ఆనాటి పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకోవాలని మనవి. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో చిత్రీకరణ ఆగిపోయేనాటికి ఇంకా రెండు ఎపిసోడ్లు మిగిలి ఉన్నాయి. ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టి సెప్టెంబర్‌లో ముగించారు. చివరి ఎపిసోడ్‌లో మనుషులే కనిపించకపోవడానికీ, స్వర్గంలో అన్నదమ్ములకు తండ్రిలాంటి బాబీ తప్ప పాత ముఖాలు పెద్దగా లేకపోవడానికీ అదే కారణమని నేననుకుంటాను.

అయినా నా బాధ తీరదు. డీన్ పోయిన తరువాత అతడి గది చూపించినప్పుడు బల్ల మీద ఒక ఉద్యోగ దరఖాస్తు కనిపిస్తుంది, ఆపి చూస్తే తప్ప కంటికి ఆనదు. వేట మానేసి అందరిలాగా పనికి వెళదామని అతడు అనుకున్నాడన్నమాట. కుక్కను పెంచుకున్నాడు, ఉద్యోగానికి కాగితం నింపుకున్నాడు, అలాంటి మనిషిని ఊచకు బలి ఇచ్చారు. పద్దెనిమిదో ఎపిసోడ్‌లో డీన్‌కు తన ప్రేమను చెప్పి, దేవదూతలు చచ్చాక చేరే శూన్యానికి తనను తాను అప్పగించుకున్న దేవదూత కాస్టియల్‌ను చివర్లో బాబీ నోట ఒక్క మాటతో సరిపెట్టడం కూడా నాకు న్యాయంగా అనిపించలేదు. ఈ అసంతృప్తి నుంచే "చక్ గెలిచాడు" అన్న మాట పుట్టింది. ముగింపు నచ్చనివాళ్ళకు దానిని తిట్టుకోవడం కన్నా కథలోనే ఒక దోషిని వెతుక్కోవడం తేలిక.

జవాబు: తెల్లకాకి

ఈ ప్రశ్నకు జవాబు పదిహేనో సీజన్‌లో కన్నా ఐదో సీజన్‌లో దొరుకుతుందని నా అభిప్రాయం. 2010 మే 13న వచ్చిన ఐదో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌ను దయచేసి మరొక్కసారి చూడండి. లారెన్స్ దగ్గరి శ్మశానంలో శామ్ ఒంట్లో ఉన్న సైతాను లూసిఫర్, డీన్‌ను అన్నదమ్ముల 1967 నాటి ఇంపాలా కారుకు ఆనించి ముఖం గుర్తుపట్టలేనంతగా కొడుతూ ఉంటాడు. కారు మీద ఎండ తళుక్కుమంటుంది. లోపల, యాష్‌ట్రేలో, చిన్ననాడు శామ్ ఇరికించి వదిలేసిన ప్లాస్టిక్ సిపాయి బొమ్మ కంటపడుతుంది. బిగిసిన పిడికిలి ఆగిపోతుంది. లోకాన్ని కాపాడినది ఆ బొమ్మ, ఆ బొమ్మ వెంట తన్నుకొచ్చిన జ్ఞాపకాలు.

ఆ ఎపిసోడ్ కథ చెప్పే గొంతు చక్‌దే. బొమ్మ సంగతీ, వేడిగాలి వచ్చే గొట్టాల్లో డీన్ దూర్చిన ఆటదిమ్మెల సంగతీ మనకు చెప్పినది అతడే, చివర్లో తెల్లబట్టల్లో నవ్వుతూ మాయమైనదీ అతడే. అభిమానులు ఆ రాత్రే అతణ్ణి దేవుడని గుర్తుపట్టారు, పదకొండో సీజన్‌లో అది నిజమైంది. అయితే చక్ ఆ బొమ్మను వర్ణించాడే తప్ప అక్కడ పెట్టలేదు. పెట్టినది వెనక సీట్లో ఆడుకున్న ఒక పిల్లవాడు. జరిగినదంతా తెలిసి చెప్పడం వేరు, రాసి జరిపించడం వేరు. చక్ ఈ రెంటినీ ఒకటే చేసి తనను గొప్పవాణ్ణి చేసుకున్నాడు, మనమూ అతడి మాటే నమ్మి వాదించుకుంటున్నాం.

మరొక సాక్షి కాస్టియల్. డీన్‌ను నరకం నుంచి లాక్కొచ్చాక చక్ సృష్టించిన మిగతా లోకాల్లోని కాస్టియల్‌లందరూ చెప్పినట్టు నడుచుకున్నారనీ, ఈ ఒక్కడే మాట వినలేదనీ చక్ స్వయంగా కసురుకుంటాడు. రాసినవాడికే లొంగని పాత్ర అది. బ్రహ్మ రాసిన పదహారేళ్ళ ఆయుష్షును శివలింగాన్ని కౌగిలించుకుని దాటిపోయిన మార్కండేయుడి కథ వింటూ పెరిగినవాళ్ళం, ఇది మనకు కొత్తగా తోచనక్కరలేదు. కందిరీగ గారు చెప్పిన ఉద్యోగ దరఖాస్తు కూడా నా లెక్కలో సిపాయి బొమ్మ లాంటిదే: డీన్ తనంతట తాను నింపుకున్నది, దానిని చక్‌కు ఇచ్చేయడానికి నాకు మనసొప్పదు.

జవాబు: లాంతరు

తెల్లకాకి గారూ, చెప్పడానికీ జరిపించడానికీ మధ్య మీరు గీసిన గీత నా అనుమానాన్ని చాలావరకు తీర్చింది. రక్తపిశాచుల పోలిక ఇంకా గుచ్చుతూనే ఉన్నా, ఇంతకుముందులా దానిని రుజువుగా చెప్పలేను.

మీ మాటల వెలుగులో నిన్న రాత్రి స్వర్గం దృశ్యం మళ్ళీ చూశాను. డీన్ ఎక్కిన ఇంపాలాకు తొలి సీజన్లలోని పాత కాన్సాస్ నంబరు ప్లేటే ఉంది. అతడు కారు తోలుతూ ఉండగానే కింద శామ్ జీవితమంతా గడిచిపోతుంది. 2022 అక్టోబర్‌లో మొదలై పదమూడు ఎపిసోడ్లతో ఆగిపోయిన, డీన్ తల్లిదండ్రుల కథ చెప్పే ది వించెస్టర్స్ సిరీస్ ప్రకారం, ఆ ప్రయాణంలోనే డీన్ తన తల్లిదండ్రులు సుఖంగా బతకగల మరో లోకాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇప్పుడు ఆ సిరీస్‌ను మొదటినుంచి చూస్తున్నాను. మూడో ఎపిసోడ్ దగ్గర ఉన్నాను. ఎవరైనా కలిసి చూస్తానంటే ఈ శనివారం వరకు ముందుకు వెళ్ళకుండా ఆగుతాను.