పుట్టినరోజుకి ఫ్లోరెన్స్: చూడాల్సినవన్నీ చూసి రావాలా, ఊరికే నడిచి రావాలా?

పొద్దుతిరుగుడు

మా అక్కకి ఈ నెలలో నలభై నిండుతున్నాయి. పిల్లల్ని బావగారి దగ్గర వదిలి మేమిద్దరమే ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్తున్నాం. శనివారం రాత్రి దిగుతాం, మంగళవారం పొద్దున్నే తిరుగు రైలు. పుట్టినరోజు సోమవారం పడింది.

పదిహేను రోజులు కూర్చుని గంటల వారీగా ప్లాన్ రాశాను. ఆదివారం పొద్దున ఉఫీజి మ్యూజియం, మధ్యాహ్నం అకాడెమియా మ్యూజియంలో మికెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం, ఆ తర్వాత పిట్టి ప్యాలెస్. సోమవారం పొద్దున పెద్ద చర్చి డోమ్ ఎక్కడం, తర్వాత సాంతా క్రోచె చర్చి, అక్కణ్ణుంచి పలాజ్జో వెక్కియో, సూర్యాస్తమయానికి పియాజ్జాలె మికెలాంజెలో, రాత్రి మంచి చోట భోజనం. అక్కకి పంపాను. చదివి, "ఇది పుట్టినరోజా, పరీక్షల టైంటేబులా? నాకు నీతో కబుర్లు చెప్పుకుంటూ నడవాలనుంది. కడుపునిండా తినాలనుంది. అంతే" అంది.

నాకు బాగా బాధేసింది. ఇద్దరం ఇలా కలిసి వెళ్ళడం పెళ్ళిళ్ళయ్యాక ఇదే మొదటిసారి. మళ్ళీ ఎప్పటికో తెలియదు. అంత దూరం వెళ్ళి డేవిడ్‌ని చూడకుండా తిరిగొస్తే తర్వాత అక్కే బాధపడదా? మీరైతే ఏం చేస్తారు?

గడియారం

మీ ప్లాన్ మానకండి. ఊరికే వెళ్దాం, అక్కడే చూసుకుందాం అనేవాళ్ళకి ఫ్లోరెన్స్ సరిపడే ఊరు కాదు. ఉఫీజి, అకాడెమియా, పిట్టి మూడింటికీ సోమవారం సెలవు. ఈ సంగతి తెలియక సోమవారం పొద్దున తలుపు ముందు నిలబడి వెనక్కి తిరిగినవాళ్ళని కళ్ళారా చూశాను. మీరు ఆదివారంలో అంత కుక్కింది అందుకేనని అర్థమైంది. ఆ ఆదివారం నెలలో మొదటిది అయితే ఇంకా జాగ్రత్త. ఆ రోజు ప్రభుత్వ మ్యూజియంలు ఉచితం, క్యూ ఎక్కడికో పోతుంది.

డోమ్‌కి కూడా ఫలానా రోజు, ఫలానా టైము అని ముందే టికెట్ తీసుకోవాలి. మనసు పుట్టినప్పుడు వెళ్ళి ఎక్కేది కాదు. ఇవన్నీ ఒకరు కూర్చుని చూసుకోకపోతే పుట్టినరోజంతా ఫోన్‌లో టైమింగులు వెతుక్కోవడానికే సరిపోతుంది. ప్లాన్ రాసినవాళ్ళు పక్కన ఉంటేనే కదా అవతలి మనిషి నిశ్చింతగా నడిచేది. మీరు చేసింది ప్రేమతో చేసిన పని. అక్కగారికి అది తర్వాత తెలుస్తుంది.

బాటసారి

తర్వాత తెలుస్తుందని ఆవిడ తరఫున మనం ఎలా చెబుతాం? ఆవిడ ఇప్పుడే, నోరు తెరిచి, తనకేం కావాలో చెప్పింది కదండీ.

గడియారం గారితో నా పేచీ ఇంకొకటుంది. ఆ ఊళ్ళో నడవడమంటే చూడటం మానేయడమని అనుకుంటున్నారు. డువోమో, అదే ఆ డోమ్ ఉన్న పెద్ద చర్చి, దగ్గర బయల్దేరితే పొంతె వెక్కియో వంతెనకి పది నిమిషాలు చాలు. ఆ దారిలోనే ఓర్సన్‌మికేలె ఉంది. ఒకప్పుడు అది ధాన్యం మార్కెట్టు, తర్వాత చర్చి అయింది. నేతపనివాళ్ళు, కవచాలు చేసేవాళ్ళు, ఇలా ఒక్కో వృత్తిసంఘం తమ సెయింట్ విగ్రహాన్ని దాని గోడ గూటిలో పెట్టించుకుంది. ఇప్పుడు గూళ్ళలో ఉన్నవి నకళ్ళే, అసలువి చాలావరకు లోపల భద్రపరిచారు. అయినా ఎవరి గూడు ఎంత గొప్పగా చేయించుకున్నారో చూస్తూ చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే ఆ ఊరి మనుషులు అర్థమవుతారు. ఇంకో రెండు వీధులు దాటితే సిన్యోరియా చౌకు. అక్కడ లోజ్జా దెయ్ లాంజీ మంటపంలో శిల్పి చెల్లీనీ పోతపోసిన గ్రీకు వీరుడు పెర్సియస్ కంచు విగ్రహం ఉంది, 1554లో నిలబెట్టింది. టికెట్ లేదు, తలుపు లేదు, సోమవారం సెలవూ లేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపేసింది పొంతె సాంతా త్రీనితా. అందరూ పొంతె వెక్కియో మీదికెక్కి బంగారం కొట్లు చూస్తారు, ఈ పక్క వంతెన మీద మాత్రం నిలబడరు. 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ పొంతె వెక్కియో ఒక్కటి వదిలి మిగతా వంతెనలన్నీ పేల్చేసింది. ఊరివాళ్ళు నదిలో పడ్డ రాళ్ళు ఏరి సాంతా త్రీనితాని మునుపటిలాగే మళ్ళీ కట్టారు, 1958కి పూర్తయింది. నాలుగు మూలలా నాలుగు రుతువుల విగ్రహాలుంటాయి. వసంతం తల మాత్రం దొరకలేదు. మూడేళ్ళ తర్వాత, 1961లో, నది అడుగున దొరికింది. తెచ్చి అతికించారు. ఆ విగ్రహం పక్కన సాయంత్రం వెలుగులో అక్కా మీరూ అరగంట నిలబడండి. ఏ గ్యాలరీలోనైనా మీ ఇద్దరికీ అలాంటి అరగంట దొరుకుతుందా?

ఇంకా గోడల మీద 1966 నవంబర్ 4న వచ్చిన వరద ఎంత ఎత్తుకి వచ్చిందో చెప్పే పలకలుంటాయి. కొన్ని మీ తల పైన ఉంటాయి. పాత భవనాల గోడల్లో చిన్న కమాను కిటికీలు కనిపిస్తాయి, వాటిలోంచి వైన్ అమ్మేవారు. ఇవి వెతుక్కుంటూ నడిస్తే పూట ఇట్టే గడిచిపోతుంది. తొందరలో ఉన్నవాళ్ళ కంట ఇవేవీ పడవు.

గడియారం

వంతెన సంగతి నాకు తెలియదు, ఈసారి వెళ్తే తప్పకుండా ఆగుతాను. కానీ డేవిడ్ దగ్గర నేను తగ్గను. చౌకులో నకలు ఉందిగా అని చాలామంది సర్దుకుంటారు. అసలు విగ్రహం 1504 నుంచి 1873 దాకా ఆ చౌకులోనే ఉండేది, తర్వాత అకాడెమియాకి తరలించారు. నకలు 1910లో పెట్టింది. అకాడెమియాలో ఆయన దగ్గరికి నడిచే హాలులో రెండు వైపులా మికెలాంజెలో సగంలో వదిలేసిన ఖైదీల విగ్రహాలుంటాయి. రాతిలోంచి బయటపడలేక పెనుగులాడుతున్నట్టుంటాయి. వాటిని దాటుకుంటూ వెళ్తే చివర, పై నుంచి వెలుగు పడే చోట, అయిదు మీటర్లకు పైగా ఎత్తున ఆయన. అంతకుముందు ఇంకొకరు మొదలుపెట్టి, పాడుచేసి, ఏళ్ళ తరబడి పక్కన పడేసిన పాలరాయి అది. ఆ హాలులో నాకు కాళ్ళు కదల్లేదు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. దాన్ని టైంటేబుల్ అనకండి.

తెల్లచామంతి

నేను పొద్దుతిరుగుడు గారిలాంటిదాన్నే. అందుకే రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా అమ్మ పుట్టినరోజుకి ఆవిణ్ణి రోమ్ తీసుకెళ్ళాను. రెండు రోజుల్లో కొలోసియం, ఫోరం, వాటికన్ మ్యూజియంలు, పాంథియాన్. ఒక్కటీ వదలకూడదని పంతం. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, నా వెనకే నడిచింది. సిస్టీన్ చాపెల్ చేరేసరికి గోడవార బల్ల మీద చోటు దొరికితే కూర్చుని, చెప్పులోంచి మడమ బయటికి తీసి, కళ్ళు మూసుకుంది. పైకప్పు చూడలేదు. "చూడమ్మా, దీనికోసమే వచ్చాం" అన్నాను. "చూశాలే" అంది. చూడలేదని నాకు తెలుసు.

రోమ్ వీధుల్లో పంపుల్లాంటి కొళాయిలుంటాయి, చల్లటి తాగే నీళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. పైన చిన్న రంధ్రం ఉంటుంది. కింద ధారకి వేలు అడ్డం పెడితే నీళ్ళు ఆ రంధ్రంలోంచి పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. ఒక పాప అలా తాగుతుంటే చూసి అమ్మ కూడా వేలు పెట్టింది. మొహమంతా తడిసింది. అంతలా నవ్వడం నేను నాన్న పోయాక అదే చూడటం. ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ రోమ్ గురించి ఆ కొళాయి కథే చెబుతుంది.

ఆ కొళాయి దగ్గర కూడా నేను గడియారం చూసుకుని, "అమ్మా, పద, స్లాట్ టైమైపోతోంది" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

బాటసారి

చామంతి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మగారి అలసటకి వయసొక్కటే కారణం అనుకోకండి. మ్యూజియంలో అలసట వేరు. బోస్టన్‌లోని ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన గిల్మన్ అనే ఆయన 1916లోనే దీని మీద వ్యాసం రాశాడు. వస్తువులు పెట్టిన తీరు వల్ల చూసేవాళ్ళు ఎలా వంగాల్సి వస్తోందో, మెడ ఎలా సాచాల్సి వస్తోందో ఫొటోలు తీయించి మరీ చూపించాడు. మెల్లగా నడుస్తూ, ఆగుతూ, మెడ ఎత్తుతూ, ప్రతిదాన్నీ గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నిస్తూ ఉంటే ఎవరికైనా అంతే. ఫ్లోరెన్స్‌లోనే అయితే సాంతా మరియా నువోవా ఆస్పత్రిలో మనోవైద్యురాలు గ్రాజియెల్లా మగెరీనీ, అక్కడి కళాఖండాలు చూసి తల తిరిగి, గుండె దడతో వచ్చిన యాత్రికుల్ని వందమందికి పైగా పరిశీలించి దానికి ఫ్రెంచ్ రచయిత స్టెండాల్ పేరు మీద స్టెండాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. రోగాల అధికారిక జాబితాలో అది లేదు. కానీ ఒకే రోజు ఉఫీజి, అకాడెమియా, పిట్టి అనేసరికి నాకు ముందు ఆవిడే గుర్తొచ్చారు.

డేవిడ్‌ని చూడండి. ఆ రోజుకి ఆయన ఒక్కడే చాలు అంటాను. ఇందులో నేను గడియారం గారి వైపే.

మెట్లదారి

మీరంతా విగ్రహాల గురించే మాట్లాడుతున్నారు. అక్కగారు అడిగిన రెండోది కడుపునిండా తినడం, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నా అనుభవంలో ఇద్దరు మనుషుల మధ్య పుట్టినరోజు పాడయ్యేది ఆకలితోనే.

అక్కడ చాలా చోట్ల మధ్యాహ్నం మూడు దాటితే వంటగది మూసేస్తారు, మళ్ళీ ఏడు, ఏడున్నరకి తెరుస్తారు. ఉఫీజిలోంచి నాలుగింటికి బయటపడితే మిగిలేది చౌకుల చుట్టూ రోజంతా తెరిచి ఉండే, బొమ్మల మెనూ పెట్టే హోటళ్ళే. మంచి చోట్లకి వారానికో సెలవు ఉంటుంది, సోమవారం సెలవులు తక్కువేం కాదు. కాబట్టి పుట్టినరోజు రాత్రి భోజనానికి టేబుల్ ఇప్పుడే చెప్పి ఉంచండి. ముందుగా చేయించాల్సిన బుకింగ్ నా దృష్టిలో ఇదొక్కటే. మిగతావి తప్పినా పర్వాలేదు.

అడ్రసు వెతికేటప్పుడు ఒక్క సంగతి. ఫ్లోరెన్స్‌లో కొట్లకీ హోటళ్ళకీ ఎర్ర అంకెలు, ఇళ్ళకి నీలం లేదా నల్ల అంకెలు. రెండూ వేరు వేరు వరసలు. ఎర్ర 20 పక్కన నల్ల 8 ఉండొచ్చు. నంబరు చివర 'ఆర్' అక్షరం ఉంటే ఎర్రది. ఇది తెలియక వానలో ఒకే వీధి మూడుసార్లు తిరిగాం.

శాకాహారులైతే రిబొల్లీతా అడగండి. మిగిలిన రొట్టె, తెల్ల చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీ ఆకులు వేసి మళ్ళీ మరిగించే చిక్కటి సూపు. పేరుకి అర్థమే మళ్ళీ మరగబెట్టినది అని. మాంసం నీళ్ళు కలిపారేమో అడిగి తీసుకోండి. రొట్టెలో ఉప్పు ఉండదు, కంగారు పడకండి, అక్కడ అంతే. బిల్లులో మనిషికింత అని కోపెర్తో వేస్తారు, అది మోసం కాదు.

డోమ్ 463 మెట్లు, లిఫ్ట్ లేదు. రెండు గోడల మధ్య సందులోంచి ఎక్కాలి, సగంలో మనసు మార్చుకోవడం కష్టం. అక్కగారి మోకాళ్ళ సంగతి కనుక్కున్నారా?

పొద్దుతిరుగుడు

అందరికీ చాలా థాంక్స్. చామంతి గారి మాటలు చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున అక్కకి ఫోన్ చేసి ఇక్కడ రాసినవన్నీ చదివి వినిపించాను. కొళాయి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం మాట్లాడలేకపోయాం.

పిట్టి తీసేశాను. ఉఫీజి కూడా తీసేశాను. అది తీసేటప్పుడు నాకు నిజంగా కష్టంగా అనిపించింది, బొత్తిచెల్లి గీసిన వీనస్‌ని చూడాలని నా చిన్నప్పటి కోరిక. అక్కడే నాకు తెలిసింది, ఆ ప్లాన్‌లో సగం నా కోరికలే అని. ఆదివారం పొద్దున 8:15కి అకాడెమియా తెరవగానే డేవిడ్, తర్వాత నది దాటి అవతలి ఒడ్డున వర్క్‌షాపుల వీధులు, సాంతో స్పీరితో చౌకు. సోమవారానికి కాగితం ఖాళీ. రాత్రి ఏడున్నరకి టేబుల్ మాత్రం చెప్పాను. అడ్రసు చివర 'ఆర్' ఉంది, మెట్లదారి గారూ!

అక్క తనంతట తాను అడిగింది ఒక్కటే, వసంతం తల అతికించిన చోటు దగ్గర నుంచి చూడాలట.

గడియారం గారూ, డోమ్ టికెట్ ఒక్కటి నాకోసం ఉంచుకున్నాను, సోమవారం పొద్దున. మోకాళ్ళ గురించి అడిగితే అక్క అప్పుడు చెప్పింది, ఏడాది నుంచి నొప్పి ఉందని. నాకు తెలియనే తెలియదు. తను కింద చౌకులో కాఫీ తాగుతూ కూర్చుంటుంది. నేను పైకెక్కి చెయ్యి ఊపాలట. అంత ఎత్తు నుంచి కనిపించాలి కదా, ఎర్ర చున్నీ తీసుకెళ్తున్నాను.