సీటీలో ఎముక బలహీనం, డెక్సాలో ఫర్వాలేదు: ఏది నమ్మాలి?

అమ్మకు 66 ఏళ్లు. కిడ్నీలో రాయేమోనని పోయిన నెల పొట్టకు సీటీ స్కాన్ తీయించాం. రాయి చిన్నదే, దానంతటదే పోతుందన్నారు. ఇంటికొచ్చి రిపోర్టు తీరిగ్గా చదివితే అట్టడుగున ఒక వాక్యం: "ఎల్1 వెన్నుపూసలో 92 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, ఆస్టియోపోరోసిస్ అనుమానం." అంటే నడుములోని మొదటి వెన్నుపూస (ఎల్1) సీటీలో ఎంత దట్టంగా కనిపించిందో చెప్పే అంకె తక్కువగా ఉందని, ఎముకలు గుల్లబారాయేమోనని. డాక్టరు గారు ఆ లైను చూసినట్టే లేదు.

నేను చదివినంతలో, కాంట్రాస్ట్ (స్కాన్‌కు ముందు ఎక్కించే మందు) లేని స్కాన్‌లో ఎల్1 లోపలి స్పాంజిలాంటి ఎముక 110 కంటే తక్కువ చూపిస్తే అనుమానించాలి, 160 దాటితే చాలావరకు భయం లేదు. అమ్మకు కాంట్రాస్ట్ ఇవ్వలేదు.

తర్వాత డెక్సా (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష) చేయిస్తే వెన్నుకు టీ స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, -1.8 వచ్చింది. ఆస్టియోపోరోసిస్ అనాలంటే -2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి కదా. కానీ అమ్మ వెన్నుపూసలు అరిగి అంచుల్లో ముళ్లలా పెరిగాయి. డెక్సా వాటినీ కలిపి లెక్కేస్తుంది కాబట్టి స్కోరు ఉన్నదానికంటే మెరుగ్గా వచ్చిందేమోనని నా టెన్షన్. పైగా ఇదివరకు అందే పై అరలో డబ్బా ఇప్పుడు అందడం లేదంటోంది, వెన్నుపూస కుంగి ఎత్తు తగ్గిందేమో. తుంటికి మాత్రం డెక్సా తీయలేదు, ఎందుకో.

పాత సీటీ ఫైలు నుంచే క్యూసీటీ (సీటీ బొమ్మల నుంచి ఎముక సాంద్రత కొలవడం) లెక్క తీయించవచ్చా, లేక కొలతకు ఫాంటమ్ (సాంద్రత ముందే తెలిసిన నమూనా దిమ్మ) పెట్టి మళ్లీ స్కాన్ చేయాలా? మళ్లీ రేడియేషన్ అంటే అమ్మ ఒప్పుకోదు. ముందు తుంటి డెక్సా చేయిస్తే సరిపోతుందా? ఎముకల డాక్టరు దగ్గరికా, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికా వెళ్లాలి? ఇలా రెండు రిపోర్టులు రెండు రకాలుగా వచ్చినవాళ్లు ఏం చేశారో చెప్పండి, ప్లీజ్.