కొల్లేరులో జాతులు ఎక్కువ కనబడితే జీవవైవిధ్యం పెరిగినట్టేనా?

కొల్లేటి బాట:
జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకి వెళ్ళొచ్చాం. నిరుడు మా బృందం 41 జాతులు రాసింది, ఈసారి 53. 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యత ఉన్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చిన సరస్సు ఇన్నాళ్ళకి కోలుకుంటోందని నా నమ్మకం.

తూము దగ్గర:
నాకూ నమ్మాలనే ఉంది అన్నా. కానీ నిరుడు మీరు ఇద్దరే, ఒక్క పూట తిరిగారు. ఈసారి ఆరుగురు, రెండు రోజులు. చూసే కళ్ళు పెరిగితే పేర్లూ పెరుగుతాయి. అన్నే గంటలు, అంతేమంది ఉంటేనే పోల్చగలం.

ఇంకొకటి. రెండు చెరువుల్లో తలా 100 పక్షులు, ఐదేసి జాతులు అనుకోండి. ఒకదాంట్లో ప్రతి జాతీ 20. రెండోదాంట్లో 96 నీటికాకులే, మిగతా నాలుగూ ఒక్కొక్కటి. మీ జాబితాలో రెండూ సమానం. ఏ జాతిది ఎంత వాటా అని చూసే షానన్ సూచీ కట్టి, దాన్ని సమానంగా ఉన్న జాతుల సంఖ్యగా తిప్పితే మొదటిది ఐదు, రెండోది ఒకటింబావు! మీ షీట్‌లో 'ఎన్ని' అనే గడి సగం ఖాళీగా ఉంది.

కొల్లేటి బాట:
గంటల సంగతి ఒప్పుకుంటున్నా. మరి కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) పిల్లల్ని పెంచుతున్నాయిగా?

తూము దగ్గర:
చూశాను. తల్లి నోరు తెరవగానే పిల్ల ఆ సంచిలోకి తల మొత్తం దూర్చేసింది. కళ్ళు తిప్పుకోలేకపోయాను. కానీ ఆ గూడు మనుషులు పాతిన ఇనప స్టాండు మీద ఉంది. స్టాండ్లు తీసేస్తే నీళ్ళలో చెట్లేవి? చేపల చెరువుల లోతునీళ్ళు గూడబాతుకి పనికొస్తాయి. అడుసులో ముక్కు గుచ్చి మేసే ఉల్లంకులు ఎక్కడికి పోవాలి?

లంక కుర్రాడు:
మాది లంక గ్రామం. సూచీకి కూడా ఒక లోపం ఉందండీ: గూడబాతుల బదులు అన్నే గోరింకలు వచ్చినా అది మారదు. పైగా మీరంతా పక్షుల దగ్గరే ఆగిపోయారు. మా నాన్న వల దులిపితే కొరమీను, ఇంగిలాయి, మట్టగిడస, బొమ్మిడాయి పడేవి. అమ్మ చేటలో పోసి రకాలు ఏరేది. ఇప్పుడు మా ఇంటి చుట్టూ చెరువుల్లో బొచ్చె, శీలావతి. 2006లో సర్కారువాళ్ళు ఆ చేపల చెరువుల గట్లు కొట్టేశారు, మళ్ళీ లేచాయి. మీ షీట్‌లో 'ఇప్పుడు కనబడనివి' అని ఒక గడి పెట్టండి. పేర్లు మా పెద్దాళ్ళు చెబుతారు.

కొల్లేటి బాట:
పెడతాను తమ్ముడూ. వచ్చే ఆదివారం ఇద్దరమే వస్తాం, నిరుడు తిరిగిన దారిలోనే, ఒక్క పూట. మీ నాన్నగారు వల తీసే వేళ చెప్పు, ముందు అక్కడికే వస్తాం.